మా అన్న పైపు గన్ను

రిటైరైన టీచరు ఖాళీగా ఉన్నానని నలుగురిలో చెప్పుకోకూడదు. నేను చెప్పుకున్నాను. వారం తిరగకముందే కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలులో కూర్చుని, యుద్ధం చూసిన పిల్లలతో ఎలా మెలగాలో నేర్చుకుంటున్నాను. పువ్వు వాసన చూసినట్టు ఊపిరి పీల్చడం, కొవ్వొత్తి ఆర్పినట్టు వదలడం, పిల్లల చేత బొమ్మలు గీయించడం, మధ్యాహ్నం బగారన్నం తినడం. వీటిలో చివరిది నాకు బాగా వచ్చింది. వెళ్లేటప్పుడు ఒక సర్టిఫికెట్టు, ఒక టోపీ, భుజానికి వేసుకునే ఒక సంచి ఇచ్చారు. సంచి మీద పెద్ద అక్షరాలతో ‘వాలంటీర్’ అని ఉంది.

ఎల్లారెడ్డి బస్సులో ఆ అక్షరాలు అందరికీ కనబడేటట్టు సంచిని ఒళ్లో నిలబెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు అవ్వ చాలాసేపు చూసింది.

“మందులమ్ముతవా బిడ్డా?”

“కాదవ్వా. సేవ చేస్త.”

“గట్లనా? అయితే గీ మూట జర పట్టుకో” అని ఉల్లిగడ్డల మూట నా ఒళ్లో పెట్టి, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను చేసిన సేవ అంతటిలో ఎవరికైనా నికరంగా పనికొచ్చింది అదొక్కటే అనిపిస్తుంది.

ఎల్లారెడ్డి దాటాక మా పుట్టింటి ఊరు, నేను దిగింది మా అన్న ఇంట్లోనే. ఊరి బయట చర్చివాళ్ల పాత హాస్టలు ఒకటి చాలా ఏళ్లు మూతపడి ఉండేది. దానికి సున్నం వేసి, ఈశాన్య రాష్ట్రాల కొండల నుంచి వచ్చిన పిల్లలను అందులో ఉంచారు. అక్కడ జరిగినదాన్ని మన టీవీలు గొడవలన్నాయి. ఆ పిల్లలు మాత్రం యుద్ధమనే అంటారు. ఊరు కాలుతుంటే పరుగెత్తి, తుపాకుల మోత వింటూ అడవిలో పడుకున్నవాళ్లు దానికి ఏ పేరు పెట్టుకోవాలో మనం సరిదిద్దడం బాగుండదు.

వాళ్లలో నాలుగో తరగతి పిల్ల ఒకతి, ఒకటో తరగతి చదివే తమ్ముడిని ఎప్పుడూ వెంటేసుకుని తిరిగేది. వాడి అంగీ కొస ఆమె పిడికిట్లోనే ఉండేది. తల్లి అక్కడే, కొండల్లో, సహాయ శిబిరంలో ఉంది. ఇల్లు కాలిపోయింది. ఇది వార్డెనమ్మ నాకు చెప్పిన సంగతి. ఆ పిల్ల నాతో ఏమీ చెప్పలేదు. నేనే ఎప్పుడూ మాట్లాడుతుండేదాన్ని కాబట్టి, ఆమెకు సందు కూడా దొరికి ఉండదు.

మొదటి ఆదివారం పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టాను. కాగితాలు, రంగులు పంచాను. “మీకు ఏ భయమూ లేని చోటు ఏదో ఆ బొమ్మ గీయండి” అని నా నిజామాబాదు హిందీలో చెప్పాను. ఎంత మెత్తగా చెప్పానంటే, నా గొంతు మీద నాకే ముచ్చటేసింది. సరిగ్గా అప్పుడే ప్రహరీ అవతల ఢామ్మని పేలింది.

పిల్లలంతా ఒక్కసారిగా నేలకు కరుచుకుపోయారు. ఎవరూ అరవలేదు, ఏడవలేదు. ఆ పిల్ల తమ్ముడిని బెంచీ కిందికి లాగి, వాడి మీద బోర్లా పడుకుంది. రంగులన్నీ దొర్లుతున్నాయి. నేనొక్కదాన్నే నిటారుగా నిలబడి ఉన్నాను. ఎందుకంటే నాకా చప్పుడు తెలుసు. గోడ అవతలిది మా అన్న మక్క చేను. కంకులు పాలు పోసుకునే వేళకు కోతుల మంద దిగుతుంది. వాటిని బెదిరించడానికి ప్లాస్టిక్ పైపుతో చేసిన గన్ను ఒకటి బజార్లో దొరుకుతుంది. కార్బైడు వేసి పేలిస్తే ఊరంతా అదురుతుంది. ఏటా చీర పెడుతున్నాడు కదా, ఈసారి నేనే ఏదైనా ఇద్దామని, పోయిన రాఖీకి దాన్ని కామారెడ్డిలో కొని మా అన్నకు ఇచ్చింది నేనే.

పిల్లలకు ధైర్యం చెప్పాలి కదా. నాకు వచ్చిన హిందీలో చెప్పాను. “కుచ్ నహీ బేటా, డరో మత్. వో మేరా భాయి హై.”

ఏమీ లేదు, భయపడకండి, పేలుస్తున్నది మా అన్నే అని. నోరు జారాక అర్థమైంది. బెంచీ కింది నుంచి ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, ఇన్నాళ్లూ తమ వెంటపడినవాళ్ల చెల్లెలు సంచి వేసుకుని ఇక్కడికి కూడా వచ్చింది అన్నట్టుంది. నాకు తల తీసేసినట్టయింది. పువ్వు వాసన, కొవ్వొత్తి రెండూ గుర్తొచ్చాయి గానీ, ఊపిరి ఆడనిది నాకే.

ఆ సాయంత్రం వార్డెనమ్మ టీ ఇస్తూ అసలు మాట చెప్పింది. “పిల్లలను ఈడ పెట్టినోళ్లు మొన్న వచ్చి చూసిపోయిన్రు టీచరమ్మా. గీ మోతకు పిల్లలు నిద్రవోతలేరు, గిట్లనే ఉంటే వేరే తాన పెడ్తమన్నరు. ఆడపిల్లలను ఒక జిల్లాకు, మొగపిల్లలను ఇంకో జిల్లాకు.”

అంటే ఆ పిడికిట్లో నుంచి ఆ అంగీ కొస ఊడిపోతుంది. టీ తాగకుండానే లేచి, తిన్నగా మా అన్న దగ్గరికి పోయాను.

మా అన్నకు నేనంటే ప్రేమే గానీ, నా ఉపన్యాసాలంటే కాదు. గాయపడిన మనసు గురించి నేను చెబుతున్నంతసేపూ మోటారు బెల్టు బిగిస్తూ విన్నాడు.

“అయిపోయిందా?” అన్నాడు.

“అయిపోయింది.”

“నాకు అర్థమైంది గనీ, కోతులకు ఎట్ల చెప్పాలె? వాటికి గూడ నీ ట్రైనింగు ఇయ్యరాదా? గన్ను పేల్చకుంటే చేను పోతది. మందు సల్లిన, కరెంటుకు జాగారం చేసిన. కోతులకు పెట్టనీకె వేసిన్నా? నువ్వు వచ్చి కావలుంటవా ఏంది?”

“ఉంటా” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. పౌరుషం వస్తే నాకు ముందూ వెనకా కనబడదు. మా వదిన వంటింట్లో నుంచి తొంగిచూసి నవ్వి, మళ్లీ లోపలికి పోయింది.

అలా ముప్పై ఏళ్లు పిల్లలను కావలి కాసినదాన్ని మక్క చేనుకు కావలి కాశాను. కోతులు పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తాయి. మగవాళ్లకు జంకుతాయి గానీ ఆడవాళ్లను లెక్కచేయవు. అది ముందే విన్నాను కాబట్టి, అన్న అంగీ చీర మీద తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టి, దానిమీద వాలంటీరు టోపీ పెట్టుకుని, చేతిలో స్టీలు పళ్లెం, గంటెతో గట్టు మీద నిలబడ్డాను. పెద్ద కోతి ఒకటి నన్ను కింది నుంచి పైదాకా చూసి, చీర కుచ్చిళ్ల దగ్గర సంగతి తేల్చుకుంది. తిన్నగా చేలోకి దిగింది. నాకు మండుకొచ్చి, క్లాసులో అరిచినట్టే, “ఏయ్, కూర్చో!” అని అరిచాను. అది కూర్చుంది. కూర్చుని, కంకి విరుచుకుని, నా మొహం చూస్తూ పొట్టు వలిచింది.

అప్పుడు ప్రహరీ మీద నుంచి నవ్వు వినబడింది. హాస్టలు పిల్లలు వరసగా గోడెక్కి చూస్తున్నారు. ఆ పిల్ల కూడా. తమ్ముడిని ముందు కూర్చోబెట్టుకుని, వాడి నెత్తి మీద గడ్డం ఆనించి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుతోంది. నా బొమ్మలకూ పాటలకూ రాని నవ్వు, నన్ను కోతి లెక్కచేయనందుకు వచ్చింది. నాకు రోషమొచ్చింది. సంతోషం దానికంటే ఎక్కువొచ్చింది. ఆ సంతోషంలో పళ్లెం ఇంకా గట్టిగా కొట్టి గంటె విరగ్గొట్టాను. వదిన ఇప్పటికీ దాన్ని ఎత్తిపొడుస్తుంది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు పిల్లలు గోడ దిగి గట్టు దాకా రాసాగారు. బడిలో నేర్చిన తెలుగు ముక్కలు నా మీద ప్రయోగించేవారు. నేను వార్డెనమ్మతో గొప్పలు పోవడం మొదలుపెట్టాను. ఒక సాయంత్రం అలాగే హాస్టలు మెట్ల మీద టీ తాగుతూ, పిల్లల మనసు ఎలా గెలవాలో ఆమెకు బోధిస్తూ కూర్చున్నాను. కోతులకు ఆ బోధ అక్కర్లేదు కాబట్టి, మంద మొత్తం చేలో పడింది.

మా అన్న ఎల్లారెడ్డి నుంచి బండి మీద వస్తూ రోడ్డు మీద నుంచే చూశాడు. నేను చెప్పులు వదిలేసి పరుగెత్తి వెళ్లేసరికి, కొట్టం లోంచి పైపు గన్ను తెచ్చుకుని గట్టెక్కుతున్నాడు. మొహం ఎర్రగా ఉంది. రెండు సాళ్లు నేలమట్టమయ్యాయి. ఆయన్ని ఆపే మొహం నాకు లేదు. గట్టుకు ఆ కొసన ఆ పిల్ల, ఆమె తమ్ముడు నిలబడి ఉన్నారు. మా అన్న పైపు ఎత్తాక వాళ్లను చూశాడు.

ఆ పిల్ల పారిపోతుందనుకున్నాను. తమ్ముడిని వెనక్కి నెట్టుకుంది గానీ, తను కదల్లేదు.

“బాపూ, ఎవర్ని కొడుతున్నవ్?” అని అడిగింది.

మా అన్న పైపు దించాడు. “కోతులను బిడ్డా. కొట్టుడు గూడ కాదు, ఉత్త చప్పుడే. గిండ్ల గుండు లేదు, ఏం లేదు. సూడు.” పైపు మూతి ఆమె వైపు కాకుండా తిప్పి చూపించాడు. ఆమె దగ్గరికి రాలేదు. అక్కడి నుంచే చూసింది.

“చప్పుడుకి ఎక్కడికి పోతయ్?”

“గా గుట్ట మీదికి.”

“మళ్ల రావా?”

“ఎందుకు రావు?” అన్నాడు మా అన్న. ఇది ఆయన రోజూ విసుక్కునే మాటే, ఆ విసుగులోనే అన్నాడు. “పొద్దుగాల్నే వస్తయి. ఎన్నిసార్లు ఎల్లగొట్టినా వస్తయి. వాటి జాగ గద ఇది. మా తాత కాలంల ఇదంత అడివే ఉండె.”

ఆ పిల్ల గుట్ట వైపు చూసింది. మా అన్న ఆమెను చూశాడు. తానన్న మాట తనకే తగిలినట్టుంది. పైపును చంకలో పెట్టుకుని, నా వైపు తిరిగి కసిరాడు. “కోత అయ్యేదాక పేల్చ. పోయి వార్డెనమ్మకు చెప్పు. పొద్దుగాల కావలికి నేను గూడ వస్త, నీ ఒక్కదానితోని అయ్యే పని కాదు.” అని కొట్టం వైపు వెళ్లిపోయాడు.

నా కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కుంటున్నాను. ఆ పిల్ల వంగి, తమ్ముడి చెవిలో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. వాడు ఏదో అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి వాడు గట్టిగా తలూపాడు.

ఏం చెప్పావని ఆమెను అడిగాను. అడగకుండా ఉండటం నాకు చేతకాదు.

“మనం కూడా ఇంటికి పోతమని చెప్పిన” అంది.

ఆ ఇల్లు లేదని నాకు తెలుసు. అది కాలుతుంటే చూసిన పిల్లకు నాకంటే బాగా తెలుసు. చెప్పడానికి శిక్షణలో నేర్పిన మాటలు చాలానే నోటిదాకా వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను నోరు మూసుకుని నిలబడ్డాను.