రూతు సాక్ష్యం

నల్లగొండలో, పానగల్ రోడ్డు మీద నేను కిరాయికుంటున్న గది పక్కింటికి నిన్న సున్నం వేస్తుంటే, ఆ పచ్చి వాసన కిటికీలోంచి వచ్చి, చేతిలో పుస్తకం అలాగే ఉండగా, నన్ను మర్రిగూడ దగ్గరి మా ఊరి డిసెంబరు నెలలోకి లాక్కుపోయింది. క్రిస్మస్‌కు పదిహేను రోజుల ముందే మా రేకుల చర్చికి సున్నం పడేది; పిల్లలం వెదురు బద్దలతో నక్షత్రం కట్టి ఎర్ర కాగితం అంటించేవాళ్ళం; పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్ళు గీసుకుపోయిన వేళ్ళతోనే గారెల పప్పు రుబ్బుతూ, తెలంగాణ వచ్చింది గదా, ఇక మంచినీళ్ళూ వస్తాయని చెప్పుకునేవాళ్ళు.

మా పెదనాయిన కూతురు రూతుది నా ఈడే. ఇద్దరికీ పన్నెండేళ్ళు. ప్రార్థనలో కళ్ళు మూస్తే చాలు, దాని చెంపల మీద నీళ్ళు కారేవి. నేనెంత గట్టిగా మూసుకున్నా గారెల వాసన, రేకు మీద తొండ చప్పుడు తప్ప ఇంకేమీ తోచేది కాదు.

"రూతు ఆత్మల మండుతాంది. ఇదేమో కట్టె లెక్క కూసుంటది" అని మా అవ్వ నా నెత్తి మీద మొట్టేది.

ఒక ఆదివారం పాస్టరుగారు నులివెచ్చని విశ్వాసం గురించి చెప్పారు. అలాంటివాళ్ళు ఎండలో పెట్టిన బిందెలో నీళ్ళట. తాగడానికీ పనికిరారు, స్నానానికీ పనికిరారు. పొందిన రక్షణను కూడా పోగొట్టుకుంటారట. నన్ను చూసే అన్నారనుకున్నాను. మర్నాడు పత్తి చేలో అవ్వ ఆ మాట ఒప్పుకోలేదు.

"ఇచ్చినోడు మల్ల గుంజుకుంటడా? ఆయనేమన్న భూమిల వాటాకొచ్చే మన పాలోడా?"

"ఆయన గుంజుకోడు పెద్దమ్మా, నువ్వే పారేసుకుంటవ్. మొన్న కొడవలి పారేసుకోలే?" అంది పక్క సాలులోని మార్తమ్మ.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు బాప్తిస్మానికి మా ఇద్దరి పేర్లూ ఇచ్చారు. మా దగ్గర బాప్తిస్మం తీసుకునేవాళ్ళు అంతకు ముందు ఆదివారం నిలబడి, దేవుడు తమను ఎలా కలిశాడో సాక్ష్యం చెప్పాలి. నా చేతిరాత బాగుంటుందని రూతు తనది నాతో రాయించుకుంది. ఒక మధ్యాహ్నం చేలో ఒక్కతే ఉండగా ఎందుకో గుండె దడదడలాడి దేవుణ్ణి పిలిస్తే, ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టయిందట. దాని భయం తీరేదాకా ఆయన లేవలేదట. మర్నాడు నేను మా చేలో అలాగే ఒక్కదాన్నే పొద్దు వంగేదాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. వాళ్ళ చేనూ మా చేనూ పక్కపక్కనే కదా, ఒక్క గట్టు దాటడానికి ఆయనకేమైంది?

రూతు కన్నా మూడు నెలలు పెద్దదాన్నని ఆ ఆదివారం ముందు నన్నే పిలిచారు. లేచి, రూతు సాక్ష్యాన్ని నాదిగా చెప్పేశాను. నోరు జారిందని డైరీలో రాసుకున్నాను గానీ అదీ అబద్ధమే. ముందురోజే కంఠతా పట్టాను. ఆడవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అన్నారు. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత రూతు నిలబడి, నన్ను చూసి, "నాకేం యాదికొస్తలేదు" అని కూర్చుంది. వచ్చే ఏడాది చూద్దామన్నారు పాస్టరుగారు. బోరు దగ్గరి తొట్టిలో ఆ ఏడు నేనొక్కదాన్నే మునిగాను.

ఇంటికొస్తుంటే రూతు నా చెయ్యి పట్టుకుంది. "నీ దగ్గర గూడ కూసున్నడా? నాకు చెప్పనే లేదేందే! నేను గూడ గదే చెప్తే నిన్ను చూసి చెప్పిందంటరని సప్పుడు చెయ్యలే." దాని మొహమంతా సంతోషమే.

"అవ్, కూసున్నడు" అన్నాను.

రక్షణ పోయిందని ఆ రోజు వణికాను. అసలు ఉంటే కదా పోవడానికి అన్న అనుమానం తర్వాత పట్టుకుంది.

ఇప్పుడు అవ్వ లేదు. రేకుల చర్చి లేదు, టైల్స్ పరిచిన కొత్త కట్టడం ఉంది. వెదురు నక్షత్రం కట్టే పిల్లలు లేరు. చేలు ప్లాట్లయ్యాయి. రక్షణ పోతుందా పోదా అని ఫోన్లో వీడియోల్లో సంఘ పెద్దలు వాదించుకుంటుంటే రెండు వైపుల మాటలూ వింటాను. మొన్న క్రిస్మస్‌కు వెళ్ళినప్పుడు, ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య నడుస్తూ రూతుకు ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందని ఎదురుచూశాను. అది నా చెయ్యి పట్టుకుని, "గట్లయితే ఇన్నేండ్లు ఒక్కదానివే ఉన్నవా?" అంది.

అలా అడిగే మనసు కూడా దానికే ఎందుకిచ్చావని, తిరుగు బస్సులో నల్లగొండ దాకా దేవుడితో కొట్లాడుతూ వచ్చాను. ఎవరి మాటలూ ఎత్తుకోకుండా ఆయనతో మాట్లాడడం నాకు అదే మొదలు.