మొగోడయ్యాడన్న మాట

రెండు వేల మూడు, కార్తీక మాసం రెండో సోమవారం, పొద్దున్న తొమ్మిది గంటలు. సముద్రం పోటెత్తి అల్లకల్లోలంగా ఉంది. మా ఊరు భావనపాడులో ఒక్క బోటూ నీళ్లలోకి దిగలేదు. అందరూ ఇంట్లోనే ఉన్నారు కదా అని, నేను రాసిన కథ చదువుతానన్నాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. రాత్రిబడిలో పాఠాలు చెప్పే పిల్ల, తెలిసిందే రాయండి తాతా అంది. నాకు బాగా తెలిసింది మా నాన్న చెయ్యి. వేట నుంచి ఒడ్డుకొచ్చి, తాగి, చేతిలో ఉన్న తెడ్డుతోనే అమ్మను కొట్టేవాడు. ఆ తెడ్డు ఎవరూ లాక్కోలేదు. కథలో మాత్రం కొడుకు లాక్కుంటాడు, తండ్రి చెయ్యి విరగ్గొడతాడు. ఎవడో ఒకడు తన పక్షాన నిలబడ్డాడని అమ్మ బతికుండగా ఆమె చెవిన పడాలి. అందుకే రాశాను.

"వలలు కుట్టినోడు కతలు కుడతన్నాడు, ఇనండి" అని నా భార్య నవ్వింది.

"నవ్వకే కోడలా. నువ్వు సదువు బాబూ" అంది అమ్మ.

కూడబలుక్కుంటూ చదివాను. తెడ్డు లాక్కున్న చోట మా తమ్ముడు తొడ చరిచాడు. "ముసిలోడికి బాగా తగిలింది! ఇంకో రెండు ఏసీవలసింది అన్నియ్యా!"

గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న వాడి భార్య తలెత్తలేదు. మా తమ్ముడి చెయ్యి ఎలాంటిదో ఆమెకు తెలుసు. మాకందరికీ తెలుసు.

కథలో చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. గట్టిగా చదివాను: "ఆ రోజుతో వాడు మొగోడయ్యాడు."

మెచ్చుకుంటుందేమోనని అమ్మ మొహం చూశాను.

"నాను కాపరానికొచ్చిన కొత్తలో, మీ నాన్న నన్ను మొదట కొట్టిన రోజున, మీ మామ్మ ఆ మాటే అన్నాది" అంది. "నా కొడుకు మొగోడైపోనాడు అని మురిసిపోనాది. నీ కతలో గుంటడికి రేపు పెళ్లవదా? ఆ పిల్ల ఏటైపోద్ది?"

నాకు కోపం వచ్చింది. "అయితే ఏటి రాయమంతావే అమ్మా?"

"ఆ తెడ్డు ఒగ్గీమను. కింద పడిపోనామెకి మంచినీల్లిమ్మను. నాకెవులూ ఇవ్వలేదు."

"ఆడోల కతలు" అంటూ తమ్ముడు లేచి బయటకు పోయాడు.

చివరి వాక్యం కొట్టేశాను. నీళ్లిచ్చే కొడుకును రాద్దామని కూర్చున్నాను. రాలేదు. కొట్టే చెయ్యి ఎలా లేస్తుందో, భుజం ఎలా తిరుగుతుందో అంతా తెలుసు. చెంబు పట్టుకున్న కొడుకును మా ఇంట్లో నేను చూడలేదు. ఎలా నడుస్తాడు? ఏమని పిలుస్తాడు? మరుసటి ఏడాది ఎండల్లో అమ్మ పోయింది. ఆ కథ అక్కడే ఆగిపోయింది. కొడుకు తెడ్డు కింద పెట్టి ఊరికే నిలబడి ఉన్నాడు.

ఆ రోజు ఉన్నవాళ్లం అమ్మ, నా భార్య, మధ్యలో లేచిపోయిన మా తమ్ముడు, చివరి దాకా బియ్యం ఏరుతూనే ఉన్న వాడి భార్య, నేను.