పదకొండు గంటల కోతులు

1946లో తిరుపతి మునిసిపాలిటీ నాకు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగంతో పాటు ఒక ఖాకీ టోపీ కూడా ఇచ్చింది. ఉద్యోగం సరిపోయింది, టోపీ బిగువైంది. పెద్దది ఇప్పించమని మూడు అర్జీలు పెట్టాను. బి.ఏ. చదివిన తల కాబట్టి కాస్త ఉబ్బి ఉంటుందన్నాడు హెడ్ క్లర్కు.

ఆ వేసవిలో స్టేషను వీధిలో కోతులు యాత్రికుల సంచులు లాక్కుంటున్నాయి. పట్టి మామండూరు అడవిలో వదలమన్నారు. ట్రాప్ కేజ్, అంటే ఎర ముట్టగానే తలుపు పడే బోను, తెప్పించి అరటిపండ్లు కట్టాను. ఒక శనివారం తొలి కోతి పడింది. నేను బండిని పిలుచుకొచ్చేలోగా యాత్రికులు దానికి కుంకుమ పెట్టి, దండం పెట్టి, తలుపెత్తి సాగనంపారు. మిగిలిన పండ్లు ప్రసాదమని పంచుకున్నారు. మూడు నెలలూ ఇదే కథ.

చివరికి తప్పు మునెమ్మదని చైర్మన్‌గారు తేల్చారు. ఆ వీధిలోనే సత్రం ఎదుట ఆమె బొరుగులు, అరటిపండ్లు అమ్ముతుంది; కోతులు వాటికే వస్తున్నాయట. ఎన్‌క్రోచ్‌మెంట్ నోటీసు, అంటే వీధి ఆక్రమించావు లేచిపొమ్మనే కాగితం, ఆమెకివ్వమని నా చేతికిచ్చారు. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ అంగడి వల్లే.

"నా అంగడికి రావు సామీ అవి," అంది మునెమ్మ. "సత్రంలో బోజనాల గంట కొడతానే ఆ చెత్తతొట్టికాడికొస్తాయి. పోతాపోతా నా పండ్లు పెరుక్కుంటాయి. కావాలంటే కూసోని సూడు."

కూర్చున్నాను. పదకొండుకు గంట మోగింది. ఎంగిలి విస్తళ్ళు మా మునిసిపాలిటీ తొట్టిలో పడ్డాయి. కొండవైపు నుంచి పెద్ద గుంపు, శుభలేఖ అందుకున్నవాళ్ళలా వచ్చి దిగింది. మా చెత్తబండి వచ్చేది సాయంత్రం నాలుగుకి. అంతసేపూ విందు మాదే. నాకు ఒళ్ళు పులకరించింది. బి.ఏ. పాసైనప్పుడు కూడా ఇంత పులకరించలేదు.

చైర్మన్‌గారిని పది రోజులు గడువడిగాను. ఇక బండి పదకొండుకే సత్రం గుమ్మంలో ఉండాలి, విస్తళ్ళు నేరుగా బండిలో పడాలి, పైన గోనెపట్టా కట్టాలి.

"ఆ యాళకు నా ఎద్దులు మేత తింటాయి సామీ," అన్నాడు బండి చెంగయ్య. "కోతుల కోసరం వాటిని పస్తు పెట్టేదా?"

"గంట ముందే పెట్టప్పా."

మొదటి రోజు ఒక గండుకోతి ఖాళీ తొట్టిని తిరగేసి చూసింది. తర్వాత నన్ను చూసి, నా టోపీ ఎత్తుకుపోయింది. దానికి సరిగ్గా సరిపోయింది. మిగతావి అంగడి మీద పడ్డాయి. మునెమ్మ పండ్లను గంపకింద మూసి, కట్టె పట్టుకుని నిలబడింది. బేరం సగానికి పడిపోయినా ఆమె కదల్లేదు. జేబులో నోటీసు రోజురోజుకీ బరువెక్కింది.

నాలుగో రోజు గుంపు పలచబడింది. ఏడో రోజు గంట మోగితే గోడమీద ఒకే ఒక్కటి కూర్చుని, తొట్టివైపు చూసి, కొండదారి పట్టింది. ఎనిమిదో రోజు అదీ రాలేదు. చైర్మన్‌గారి చేత నోటీసు రద్దు చేయించుకుని, అధికారులు పరుగెత్తకూడదన్న సంగతి మరిచి, అంగడికి చేరాను.

"చూశావా మునెమ్మా, కోతులు మానేశాయి," అన్నాను.

ఆమె గంప తీసి పండ్లు పేర్చుకుంటోంది.

"కోతి వారంలో నేర్చుకునింది సామీ. మీకే మూణ్ణెల్లు పట్టింది."