ఆదివారం సెలవు తీసుకునే ప్రమాదం

ఆ ఏడాది సికింద్రాబాదులో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెవులు రిక్కించి వింటూనే ఉండేవారు. మగవాళ్ళు పక్కింటి రేడియో వినేవారు, ఆడవాళ్ళు గోడ అవతలి మాటలు వినేవారు, మా అమ్మయితే రెండూ వినేది. రజాకార్లు అటు వచ్చారట, యూనియన్ సైన్యం ఇటు బయలుదేరిందట అని పూటకో కబురు. ఇన్ని కబుర్ల మధ్య, పద్దెనిమిదేళ్ళ నేను, పిట్టలు ఏమనుకుంటున్నాయో వినడం మొదలుపెట్టాను. (నవ్వకండి. మిగిలినవాళ్ళు విన్నవాటికంటే నేను విన్నవే కొంత నయమని నాకిప్పటికీ నమ్మకం.)

మాది గుంటూరు వైపు. నాన్నగారి టైపిస్టు ఉద్యోగం మమ్మల్ని తెచ్చి సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో పడేసింది. ఆ వేసవిలోనే నాకు ఒక మిషన్ బడిలో తాత్కాలికంగా పంతులమ్మ పని దొరికింది, దొరికిన నెలకే గొడవల వల్ల బడి మూశారు. మళ్ళీ తెరిచిన రోజున ఎవరు హాజరైతే వాళ్ళకే ఉద్యోగం ఖాయమని, నాకు ప్రకృతి పాఠం ఇస్తారు కాబట్టి ఈలోగా జంతువులనూ పక్షులనూ గమనించి ఒక నోటుబుక్కు నింపమని పెద్ద మిస్సమ్మగారు చెప్పారు. అమ్మ మాత్రం గుంటూరు వెళ్ళిపోదామని రోజూ పోరు పెట్టేది. అక్కడ మా మేనమామ నాకొక సంబంధం చూసి ఉంచాడు. వరుడు రోజుకు మూడుసార్లు స్నానం చేస్తాడని తప్ప అతడి గురించి మరో సుగుణం ఎవరూ చెప్పలేదు. కాబట్టి నేను సికింద్రాబాదు వదిలేది లేదని గట్టిగా అనుకున్నాను, పైకి మాత్రం అనలేదు.

మా ఇంటి వెనక బండరాళ్ళు, సీతాఫలం పొదలు నిండిన ఖాళీ స్థలంలో ఒక అవ్వ మేకలు కాసేది. మొదటిరోజు నేను ఒక ఉడుతను చూసి 'ఉడుత అరుచుచున్నది' అని అందమైన దస్తూరీతో రాసుకుంటుంటే, అవ్వ తల తిప్పకుండానే పిల్లి వస్తోందని చెప్పింది. నిజంగానే వచ్చింది. ఎలా తెలిసిందని అడిగాను.

"ఉడుత చెప్పింది గద బిడ్డా. తోక ఎగరేసుకుంట ఒర్రుతున్నదంటె కింద పిల్లి నడుస్తున్నట్టు. గద్ద గిట్ల వస్తె సప్పుడు జెయ్యదు, కొమ్మకు అతుక్కపోతది."

ఆ క్షణం నుంచీ అవ్వ నా గురువు. పామును చూసినప్పుడు గోరింకలు ఎలా గుంపుకట్టి తిట్టిపోస్తాయో, తప్పిపోయిన పిల్ల కోసం అరిచే మేకకూ ఊరికే అరిచే మేకకూ తేడా ఏమిటో అన్నీ నేర్పింది. అన్నిటికంటే నాకు నచ్చినవి ఏడెనిమిది కలిసి నేలమీద గెంతుతూ తిరిగే మట్టిరంగు పిట్టలు. రోజంతా ఒకదానిమీద ఒకటి చాడీలు చెప్పుకుంటున్నట్టు ఉండేవి కాబట్టి అవ్వ వాటిని పంచాయితీ పిట్టలనేది. అవ్వ గొంగడి కప్పుకుని బండమీద కూర్చుంటే అవి ఆమె కాళ్ళ దాకా వచ్చేవి. నాకేమో పంతులమ్మనై ఉండి పొదల్లో కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారోనని సిగ్గు. అందుకని కొన్నాళ్ళకు నాన్నగారి పాత నల్ల గొడుగు తెరిచి ముందు అడ్డం పెట్టుకుని, దానికున్న రెండు చిరుగుల్లోంచి చూసేదాన్ని. మహా తెలివైన ఉపాయమనుకున్నాను.

ఇంట్లో నా పేరు త్వరగానే పెరిగింది. వంటింట్లో కూర్చుని, గోడమీదికి పిల్లి రాబోతోందని చెప్పి రెండుసార్లు పాలు కాపాడాను. శకునాలు చూడడం మన విశ్వాసానికి కూడదని నాన్నగారు హెచ్చరించారు. ఇది శకునం కాదు, శాస్త్రమని నేను వాదించాను. అమ్మకు ఆ తేడాతో పనిలేదు, పాలు మిగిలాయి, అంతే. వీధిలో కూడా చెప్పుకుంది. ఇక నన్ను మందలించడానికి పాస్టరుగారే స్వయంగా వచ్చి, అన్యాచారాల గురించి అరగంట మాట్లాడి, టీ తాగి, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర గొంతు తగ్గించి, పిట్టలు యుద్ధం సంగతేమైనా అంటున్నాయా అని అడిగారు. ఏమీ అనడం లేదు, అంతా నెమ్మదే అని అభయమిచ్చాను. (వాటిని నిజంగా అడిగింది లేదు. నా స్వార్థం నాది.)

ఆగస్టులో వచ్చింది చిక్కు. పంచాయితీ పిట్టలు కొత్త అరుపొకటి మొదలుపెట్టాయి. ఒకటి పొద మీదికెక్కి గరగరమని కఠినంగా అరిచేది, మిగిలినవి ఠక్కున నోళ్ళు మూసుకుని ఆకుల్లోకి దూరిపోయేవి. పిల్లి లేదు, పాము లేదు, ఆకాశంలో గద్ద లేదు. 'తెలియని ప్రమాదము' అని రాసుకున్నాను. ప్రమాదం కూడా మంచి క్రమశిక్షణ గలది. ఉదయం ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి, తప్పకుండా వచ్చేది. ఆదివారం మాత్రం రాదు. నేను చర్చి నుంచి వచ్చి కిటికీలోంచి చూస్తే పిట్టలు హాయిగా గెంతుతూ కనిపించేవి. నోటుబుక్కులో పట్టిక గీసి మరీ నమోదు చేశాను. ఆ పట్టిక అమ్మ కంటబడింది.

ఆ సాయంత్రం మా వసారాలో సభ జరిగింది. పక్కింటి పెన్షను మామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని నా పట్టికను దావా కాగితంలా రెండుసార్లు చదివారు.

"ఇది శుక్రవారం వస్తోంది" అన్నారాయన. "నిజాం ఆఫీసులకు సెలవు శుక్రవారం. అంచేత ఇది వాళ్ళది కాదు. ఆదివారం రావడం లేదు. ఆదివారం సెలవు ఎవరికి? యూనియన్ వాళ్ళకి."

దాంతో యూనియన్ వేగులవాళ్ళు మా సీతాఫలం పొదల్లో డ్యూటీ చేస్తున్నారనీ, రెండు సైన్యాలూ రేపో మాపో మా పెరట్లోనే కలుసుకుంటాయనీ తేలిపోయింది. అమ్మ ట్రంకుపెట్టెలు దించింది. చర్చిలో బల్ల సంస్కారానికి ద్రాక్షరసం పోసే వెండి గిన్నెను పాస్టరుగారు ఆ రాత్రే పాతిపెట్టారని తర్వాత తెలిసింది. ఇన్నాళ్ళూ కదలనన్న నాన్నగారు కూడా మంగళవారం బెజవాడ బండికి వెళ్దామన్నారు. నా శాస్త్రమే నన్ను మూడు స్నానాల వరుడి దగ్గరికి మోసుకుపోతోంది.

మర్నాడు పొద్దున్నే గొడుగు పట్టుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. అంతా విని, గొడుగు అక్కడ పెట్టి ఇంటిదాకా పోయి రమ్మంది. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి పిట్టలు అవ్వ చుట్టూ గెంతుతున్నాయి. నన్ను చూసి కొంచెం జరిగాయి, అంతే. ఇప్పుడు గొడుగు తెరవమంది. తెరిచాను. గరగరమని అరుపు, పిట్టలన్నీ మాయం.

"గది పిల్లిని జూసి కాదు, పామును జూసి కాదు. నిన్ను జూసి ఒర్రుతున్నయ్ బిడ్డా" అంది అవ్వ. "పొద్దుగాల, పొద్దుమీకి నల్లగ, గుండ్రంగ వచ్చి కూసుంటవ్. గదేందో వాటికి సుత సమజ్ కాలే."

"మరి ఆదివారం?" అన్నాను, ప్రాణం ఒప్పక.

"ఆదివారం నువ్వు మీ గుడికి పోతవ్ గద."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఏడుపు గొంతుతో అడిగాను. నేను అడగలేదంది. ఆ మాత్రం నాకు తెలుసనుకుందట.

నిజం చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. మధ్యాహ్నందాకా ఈ రెంటి మధ్యా ఊగిసలాడి, చివరికి సగం నిండిన ట్రంకుపెట్టె పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాన్నగారు పెట్టెకు కట్టబోతున్న తాడు కింద పెట్టారు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. అలా నవ్వగా ఆయన్ని చూసి నెలలైంది.

"అయితే బేబీ, ఇన్నాళ్ళూ ఈ వీధంతా భయపడింది నీకేనన్నమాట."

అమ్మ నవ్వలేదు. కానీ చీరలు ఒక్కొక్కటే బయటికి తీసి బీరువాలో సర్దింది. పెన్షను మామయ్యగారు తన తర్కంలో దోషం లేదనీ, సాక్ష్యమే తప్పనీ చివరిదాకా అన్నారు. పాస్టరుగారు గిన్నె ఎక్కడ పాతారో గుర్తురాక మూడు చోట్ల తవ్వారు.

సెప్టెంబరులో విమానాలు నిజంగానే వచ్చాయి. మేమంతా మధ్యగదిలో ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. నేను కిటికీ సందులోంచి చూశాను. పంచాయితీ పిట్టలు ఆకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటున్నాయి. ఎక్కడెక్కడ ఎవరికి ఏం జరిగిందో నెమ్మదిగా తెలిసింది, అవి నవ్వుతూ చెప్పే మాటలు కావు. మా వీధి మాత్రం క్షేమంగా బయటపడింది. పిట్టలు అంతటి సంగతి పట్టించుకోలేదేమని అవ్వను అడిగితే, "రాజ్యం ఎవరిదైతేంది, వాటికి పిల్లి పిల్లే గద" అంది, మేకను అదిలిస్తూ.

బడి తెరిచిన రోజున హాజరైన ఇద్దరిలో నేనొకదాన్ని. ఇస్త్రీ చీర, కొత్త చెప్పులు, చంకలో నోటుబుక్కుతో వరండాలో నడుస్తుంటే ఐదో తరగతి గదిలోంచి కలకలం వినిపిస్తోంది. నేను మలుపు తిరిగానో లేదో, గుమ్మం దగ్గరి పిల్ల ఒకతి నాలుకతో చిన్నగా 'ట్చ్' అంది. గదంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ అరుపుకు అర్థమేమిటని ఈసారి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

ముప్పై ఏళ్ళకు పైగా ఎన్నో తరగతుల్లో రకరకాలుగా ఆ శబ్దం విన్నాను. విననట్టే లోపలికి వెళ్ళి పాఠం చెప్పాను. ఉద్యోగం మానేశాక ఇప్పుడు ఏ గదిలోకి వెళ్ళినా ఎవరి మాటలూ ఆగవు. మనవరాళ్ళు తల కూడా ఎత్తరు. మంచిదే. అయినా ఒక్కోసారి గుమ్మం ముందు కావాలనే ఒక్క క్షణం ఆగుతాను, ఎవరైనా 'ట్చ్' అంటారేమోనని.