ఆలస్యంగా వచ్చిన గొంతు

చేపలమ్మే మనిషి నోరు మూసుకుని కూర్చోవడం నేనెక్కడా చూడలేదు. మొగల్తూరు వైపు పల్లెల్లో గానీ, నరసాపురం రేవులో గానీ, తిరిగిన చోటల్లా చేప కంటే ముందు గొంతే మనల్ని పట్టుకుంటుంది. ఉప్పాడ మార్కెట్లో అప్పాయమ్మ మాత్రం వంజరాలు ముందు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ధర అడిగితే వేళ్లు చూపించింది. మూగదనుకున్నాను.

"మూగేంటండి! ఈవిడ అరిస్తే బోటు మీదోళ్లకి వినిపించేది," అంది పక్కబుట్ట పెద్దింట్లమ్మ. "ఆ నోటితోనే మొగుణ్ణి వెనకనించి పిలిచింది. వేటకెళ్లే మడిసిని వెనక్కి పిలుత్తారాండి ఎవరైనా? ఆయ్, నేను కల్పించింది కాదండి. కొడుకే తీసి లోకానికి చూపించాడు."

ఫోను నా ముఖం మీద పెట్టింది. అప్పాయమ్మ మొగుడు బుల్లియ్య గడప దగ్గర చద్దన్నం తిని లేచాడు. వల భుజాన వేసుకుని సముద్రం వైపు నడిచాడు. వెనకనుంచి ఆడగొంతు, "ఇదిగో మావా, ఆగు!" ఆయన వెనక్కి తిరిగి, నవ్వి, వెళ్లిపోయాడు. అంతే వీడియో. ఆ వేటలోనే బోటు తిరగబడిందనీ, మిగతావాళ్లు ఈదుకుంటూ వచ్చారనీ, బుల్లియ్య రాలేదనీ పెద్దింట్లమ్మ చెప్పింది. అప్పాయమ్మ అదంతా వింటూనే ఉంది. కాదనలేదు. ఈగలు తోలుకుంటోంది.

కాలు ఒకచోట నిలవని మనిషిని నేను. మర్నాడు పిఠాపురం బస్సెక్కాల్సినవాణ్ణి, ఎక్కలేదు. ఆ కొడుకు ఎలాంటివాడో చూడాలనిపించింది.

ఉదయ్‌కుమార్ ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వలలు అల్లడం, ఎండుచేపలు ఆరబెట్టడం, సముద్రం కోసుకుపోయిన వీధిలో మిగిలిన గోడలు, ఇవీ అతని వీడియోలు. డబ్బు కోసం కాదు, ఇష్టం. పొద్దున్న ఇంటి పని, సాయంత్రం అలసట, మధ్యలో భోజనం గంట ఒక్కటే అతనిది. ఫ్యాక్టరీ వెనక ఖాళీ ట్రేలు తిరగేసి, వాటి మీద ఎవరో వాడి అమ్మేసిన ల్యాప్‌టాప్ పెట్టుకుంటాడు. ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో మౌసు.

"ఇది మళ్లీ బిగుసుకుపోయిందండి," అన్నాడు, నేనెవరో అడక్కుండానే. తెర మీద గుండ్రం తిరుగుతోంది. "రోజూ ఇంతేనండి. సగం దాకా వచ్చి మూసుకుపోద్ది. మళ్లీ మొదట్నించీ."

"ఏం చేస్తున్నావు?"

"మా అమ్మ గొంతు ఎక్కడుందో వెతుకుతన్నానండి."

ఎన్నో దయ్యాల కథలు చదివాను. వాటిల్లో చచ్చినవాళ్ల గొంతు బతికినవాళ్లకి వినపడుతుంది. బతికున్న మనిషి గొంతు పోగొట్టుకున్న కథ మాత్రం తారసపడలేదు.

మొన్నామధ్య పెద్దింట్లమ్మ చేపలు వేయించడం తీశాడట. చేప నూనెలోంచి పైకొచ్చాక చుయ్‌మని శబ్దం వచ్చిందట! జనం కింద నవ్వుతూ రాశారు. ఉదయ్ మాత్రం అన్నం పక్కన పెట్టి నాన్న వీడియో మళ్లీ తెరిచాడు. ఫోను వెలుతురును బట్టి బొమ్మల్ని ఒకసారి తొందరగా, ఒకసారి నెమ్మదిగా తీస్తుంది. ల్యాప్‌టాప్‌లో వీడియోలు కోసి అతికే సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే వేగమనుకుని లెక్కేస్తుంది. దాంతో బొమ్మ ముందుకు పోతుంది, మాట వెనకబడుతుంది. చిన్న వీడియోల్లో తెలీదు. బుల్లియ్యది ఆపకుండా తీసిన పొడుగు వీడియో. భోజనం గంట అయిపోతోందని మళ్లీ చూసుకోకుండా పెట్టేశాడు.

చిన్నప్పుడు పెద్దాపురంలో టూరింగ్ టాకీసులో ఇలాగే అయ్యేది. రాజు పెదవులు కదిపితే రాణి ఏడుపు వినిపించేది. మేం విరగబడి నవ్వేవాళ్లం. రీలు ఆపి ఆపరేటరు సరిచేసేవాడు. ఇక్కడ ఆపేవాడు లేడు. ఊరంతా చూసింది, నమ్మింది.

"మీ అమ్మ పిలవలేదని తనకు తెలీదా?" అన్నాను.

"అదేనండి నా బాధ. మొదట్లో, నేనలా అన్లేదురా అనేది. వీడియో చూసీ చూసీ, పిలిచానేమోరా అనడం మొదలెట్టింది. ఇప్పుడు కల్లో కూడా పిలుత్తందంట. ఎవర్ని పిలిస్తే ఏమౌద్దోనని నోరే తెరవట్లేదండి. పక్కింటి కోడిని కూడా అదిలించదు."

ఆ తర్వాత కొన్నాళ్లు మధ్యాహ్నం పూట అతని పక్కనే కూర్చున్నాను. నాకు చేసే సాయం ఏమీ లేదు. అసలు వీడియోని ముందు ఒకే వేగానికి మార్చాలి. మారుస్తుండగా ల్యాప్‌టాప్ వేడెక్కి ఆరిపోయేది. చివరికి దాన్ని ఐసు గడ్డ మీద గోనెపట్టా పరిచి పెట్టాడు. ఆ రోజు ఆరిపోలేదు.

బొమ్మా మాటా కలిశాయి. బుల్లియ్య గడప మీద కూర్చుని తింటున్నాడు, ముఖం ఇటే ఉంది. "ఇదిగో మావా, ఆగు! ఉల్లిపాయ తెత్తన్నాను." ఆ చివరి మాట మీద ఉదయ్ నవ్వు కలిసింది. ఆయన ఆగాడు. ఉల్లిపాయ కొరికాడు. ఎదురుగా ఉన్నవాణ్ణి ఎదురుగానే పిలిచింది ఆ ఇల్లాలు.

నేను ఉదయ్ భుజం తట్టబోయాను. అతను కదల్లేదు. వీడియో ఇంకా నడుస్తోంది. బుల్లియ్య వల వేసుకుని నడిచాడు. అప్పుడు ఇంకో గొంతు, చాలా దగ్గర్నుంచి, "నాన్నా! ఇటోసారి తిరుగు! ముఖం పడట్లేదు!"

ఆయన తిరిగి నవ్వింది ఆ పిలుపుకి.

"నా గొంతు ఎక్కడ వినపడినా తీసేత్తానండి, అలవాటు. ఉల్లిపాయ మాట కూడా నా నవ్వుతో పాటే పోయింది," అన్నాడు ఉదయ్. "పిలిచింది గుర్తు లేదు. తీసేసింది కూడా గుర్తు లేదండి." ఐసు చలికో దేనికో అతని పళ్లు టకటకలాడాయి.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి ముందు పెట్టాడు. నన్నూ రమ్మన్నాడు. "ఉల్లిపాయ!" అంది అప్పాయమ్మ. నేను విన్న ఆమె మొదటి మాట అది. "అవున్రా, ఉల్లిపాయ తెచ్చాను!" ఆ వెంటనే కొడుకు గొంతు వినపడింది. ఆమె ముఖంలో వెలుగు అలాగే ఆగిపోయింది.

"ఆ చివర కోసెయ్యి," అంది.

"కొయ్యనే."

"చేతకాదా? రోజూ కోత్తావు గదరా!"

"మళ్లీ కోస్తే ఆయన తిరిగింది నీ పిలుపుకే అంటారే."

"అననీరా. నన్ను అన్నారు, అలవాటైపోయింది. నిన్నంటే నేను తట్టుకోలేను."

మొత్తం వీడియో, తన గొంతుతో సహా, ఊరంతా చూసేలా అలాగే పెట్టేశాడు ఉదయ్.

మర్నాడు వీధి చాలా నిశ్శబ్దంగా ఉంది. నేను బస్సుకి బయల్దేరుతూ చూశాను. అందరూ ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి ఉదయ్ పనికెళ్లడం చూస్తున్నారు. పెద్దింట్లమ్మ కూడా ఒక్క మాటా అనలేదు. అతను తల దించుకుని గోడల పక్కనుంచి వెళ్తున్నాడు. వీధి చివరిదాకా వెళ్లాడు.

అప్పుడు అప్పాయమ్మ గడప దాటి వచ్చి, అందరూ వినేలా, బోటు మీదోళ్లకి వినిపించేలా అరిచింది.

"ఒరే ఉదయా! క్యారేజీ మర్చిపోయావురా! ఇటు తిరుగు!"

వెనకనుంచే పిలిచింది. కావాలనే పిలిచింది.

ఉదయ్ ఆగిపోయాడు. తల్లి క్యారేజీ పట్టుకుని నిలబడే ఉంది, ఒక్క అడుగు ముందుకు వేయలేదు. అతని మెడ ఇటు తిరగబోయి, సగంలో బిగుసుకుపోయింది. నా బస్సు హారన్ కొట్టింది. నేనెక్కేదాకా చూశాను, అతను ఇంకా తిరగలేదు.