పసుపు గీత వెనక్కి

ఈ విషయం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ పాఠంలో ఆఖరి మెట్టు నాది. ఉస్తాద్ రాసిన కాగితంలో అది లేదు.

2022లో అబుదాబిలో ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ జట్టులో ఉన్న అనుభవమే నా అర్హత. లైసెన్సు పిస్టళ్లున్న సభ్యులు అక్కడికి సాధనకు వచ్చేవారు. మామూలు షూటింగులో చేతులు పూర్తిగా చాచి గురి చూస్తారు. మీదికొచ్చే మనిషి చేయి చాచినంత దూరంలో ఉంటే ఆ పద్ధతి పనికిరాదు. చాచిన చేతిని ఎదుటివాడు ఇట్టే పట్టుకుంటాడు. అందుకే పిస్టల్‌ను పక్కటెముకలకు ఆనించి, మోచేతులు దగ్గరగా ఉంచుకోవాలి. ఎవరైనా మన మీదికే తుపాకి ఎత్తితే ఏం చేయాలన్నది మరో పాఠం. దాన్ని నీలం రంగు రబ్బరు పిస్టల్‌తో నేర్పేవాళ్లం. ఆడవాళ్ల బ్యాచ్ నాది.

మా చీఫ్ ఇన్‌స్ట్రక్టరు ఫౌజులో సుబేదారుగా రిటైరైన మనిషి. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన పాఠం ఒక కాగితం మీద మూడు మెట్లు: తుపాకి గొట్టం దారి నుంచి పక్కకు జరుగు, మణికట్టు తిప్పి లాక్కో, తలుపు వైపు పరుగెత్తు.

మొదటి నెలలో ఒక సభ్యురాలు రబ్బరు పిస్టల్ లాక్కుని, నవ్వుతూ దాన్ని అందరి వైపూ తిప్పుతూ హాలంతా తిరిగింది. బొమ్మదైనా మనిషి వైపు గురి పెట్టడం మా వృత్తిలో పెద్ద తప్పు. గట్టిగా అరిచి ఆపాలి. నాకు గొంతు లేవలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. పదిమందిలో మాట్లాడాలంటే నాలుక ఎండిపోతుంది. ఆ రోజు డైరీలో, అరవాల్సిన అవసరమే రాని పద్ధతి ఒకటి కావాలని రాసుకున్నాను. ఫైరింగ్ లేన్లలో అలాంటిది ఉండనే ఉంది: పేల్చడం అయ్యాక పిస్టల్ బల్ల మీద పెట్టి, పసుపు గీత వెనక్కి ఒక అడుగు వేసి, చేతులు వెనక కట్టుకుని నిలబడాలి. దాన్నే తెచ్చి, రబ్బరు పిస్టల్ లాక్కున్నాక పరుగు ఉండాల్సిన చోట పెట్టాను. క్లాసు నిశ్శబ్దంగా, ముచ్చటగా మారింది. ఉస్తాద్ ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసి, శభాష్, బాగా లైన్లో పెట్టావు అన్నారు.

సత్యవతి మా గేటు దగ్గర లేడీ గార్డు. అమలాపురం వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. గార్డులు కూడా నేర్చుకోవాలని ముదీర్, అంటే మా మేనేజరు, అనడంతో నా బ్యాచ్‌లోకి వచ్చింది. మొదటి రోజే నేను తన మణికట్టు పట్టుకోగానే, "మెల్లిగా తిప్పండి మేడమ్‌గారూ, ఇది ఇరిగితే రేపు మీక్కూడా కూరుండదు" అంది. మేం ఒకే అకామడేషన్‌లో ఉండేవాళ్లం. వంట ఆమెది. వరండాలో రూమ్‌మేట్ చేతికి గరిటె ఇచ్చి, లాక్కుని, చెప్పుల స్టాండు మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసేది. రోజూ అదే. గరిటె ఇలా తిరిగితే పప్పు ఎప్పుడు కలుస్తుందని మిగతావాళ్లు ఏడిపించేవారు. నేను గదిలోంచి చూసి మురిసిపోయేదాన్ని.

తరువాతి సంవత్సరం ఒక మధ్యాహ్నం, గుర్తింపు కార్డు లేక గేటు దగ్గర ఆగిపోయిన ఒక మనిషి గొడవకు దిగి జేబులోంచి అట్టలు కోసే కట్టర్ తీశాడు. మిగతాది కెమెరాలో చూశాను. సత్యవతి పక్కకు జరిగింది. మణికట్టు తిప్పింది. కట్టర్ ఆమె చేతికి వచ్చింది. ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. తరువాత ఆమె దాన్ని కౌంటరు మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు వెనక కట్టుకుంది. వాడు దాన్ని మళ్లీ తీసుకున్నాడు. అడ్డుపెట్టిన ఎడమ అరచేతిలో నరాలు తెగాయి. అప్పటికి మిగతా గార్డులు వచ్చి వాణ్ణి పట్టుకున్నారు.

ముదీర్ గదిలో ఉస్తాద్, నేను కూర్చున్నాం. ముదీర్ వీడియో ఆపి, "యే సిఖాయా థా క్యా?" అని అడిగాడు. ఇలాగే నేర్పారా అని. బల్ల మీద ఉస్తాద్ కాగితం ఉంది. ఉస్తాద్ నా వైపు చూశారు. నా క్లాసు ఆయన చూశారు, నాకు తెలుసు. కాగితంలో ఉన్నదే నేర్పాం అన్నాను. ఆయన కూడా కాదనలేదు. "ఖలాస్" అన్నాడు ముదీర్. సత్యవతి శిక్షణను పాటించలేదని రిపోర్టులో రాశారు. సాక్షిగా నేను సంతకం చేశాను. ఆ ఒక్క వాక్యంతో, చెయ్యి బాగయ్యాక ఆమెకు లోపల ఏదైనా పని ఇస్తారన్న ఆశ పోయింది. ఆమె వీసా రద్దు చేశారు.

మరుసటి వారం నుంచి నా క్లాసులో బల్ల లేదు. లాక్కున్నవాళ్లు తలుపు దాటి పరుగెత్తి అరవాలి. ముందు నేనే పరుగెత్తి, అరిచి చూపించాను. గొంతు వచ్చింది. రెండేళ్ల తరువాత ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఆ పని చేయడం లేదు.

ఈ వృత్తి గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. శరీరం మనం నేర్పిన చివరి కదలిక దాకా వెళ్లి అక్కడ ఆగుతుంది. ఆ చివరి కదలిక విద్యార్థి కోసం ఉండాలి, క్లాసు సజావుగా నడవడం కోసం కాదు. కాగితం మీద లేనిది నేర్పితే, దాని కింద తన పేరు రాసుకునే ధైర్యం నేర్పినవాళ్లకు ఉండాలి. నాకు లేకపోయింది.

సత్యవతి ఊరికి వెళ్లిపోయే రోజు పెట్టె నేనే కిందికి మోశాను. కంపెనీ వ్యాన్ డ్రైవరు యల్లా యల్లా అంటూ హారన్ కొడుతున్నాడు. ఆమె ఎక్కి కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి అడిగింది.

"బల్ల మీదే ఎట్టాను కదండీ మేడమ్‌గారూ, మీరు చెప్పినట్టే. ఎక్కడ తప్పు చేశానంటారు?"