జామ్ సీసాలో మిగిలిన రంగు

నా భార్య పోయిన నెల చనిపోయింది. గుండెపోటు. ఇక్కడి మిత్రులకు తెలుసు. మిగతావారికి విడివిడిగా ఉత్తరాలు రాసే ఓపిక లేక, అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

ఆమె అమెరికన్. చిత్రకారిణి. ఇక్కడ అమెరికాలో, పిస్కాటవే దగ్గర యూనివర్సిటీలో పదిహేడేళ్లు బొమ్మలు వేయడం నేర్పింది. మా అమ్మ దగ్గర నేర్చుకున్న మొదటి మాట "ఏమండీ". అది నా పేరే అన్నట్టు విద్యార్థుల ముందు కూడా పిలిచేది. వాళ్లకు నేను మిస్టర్ ఏమండీనయ్యాను. సరిదిద్దలేదు.

క్లాసులో ఎవరి బొమ్మ మీదా తన కుంచె పెట్టేది కాదు. వెనక నిలబడి, "ఇంకాస్త చూడు" అనేది. అంతే.

సొంత బొమ్మలు ఇంట్లో, గరాజ్‌లో వేసుకునేది. అందుకని ఇన్ని చలికాలాలూ మా కారు బయటే మంచులో ఉండేది. పని అయ్యాక మిగిలిన రంగులన్నీ కత్తితో కలిపి జామ్ సీసాలోకి ఎత్తేది. అన్నీ కలిస్తే ఒకలాంటి బూడిద రంగు. తర్వాతి బొమ్మకు తొలి పూత అదే.

"తెల్ల కాన్వాస్ అంటే నాకు భయం. నిన్నటిది కాస్త అడుగున ఉంటే చెయ్యి కదులుతుంది" అనేది.

మా అమ్మ ఇక్కడ ఆర్నెల్లున్నప్పుడు ఆ సీసా చూసి, "తోడుకి ఉంచుకుంటోందిరా" అని నవ్వింది.

మొన్న శనివారం గరాజ్ సర్దడానికి ఆమె విద్యార్థిని ఒకావిడ వచ్చింది. రిటైరైన నర్సు. చివరి సీసా కనబడితే, అది నాకు ఉంచమన్నాను. ఆవిడ మూత తిప్పింది. పైన మీగడలా పొర కట్టి ఉంది.

"ఎండిపోతుంది, మిస్టర్ ఏమండీ. నెలలో రాయైపోతుంది."

"తెలుసు."

"ప్రొఫెసరైతే వాడెయ్యమనేది."

నా భార్య తన చేత్తో కలిపింది ఇక అదొక్కటే. సీసా తీసుకుని మూత బిగించాను. ఆవిడ తొందరపెట్టలేదు. చివరికి మూత తీసి ఇచ్చి, ఇక్కడే వాడమన్నాను.

ఆవిడ పైపొర తీసేసి, తెల్ల కాన్వాస్ మీద ఆ రంగు పలచగా పరిచింది. సీసా అడుగు దాకా గీకింది. తడి కాన్వాస్‌ను కారు వెనక సీట్లో నిలబెట్టుకుని వెళ్లిపోయింది.

గరాజ్ ఖాళీ అయింది. కారు లోపల పెట్టుకోవచ్చు. ఈ ఉదయం కూడా బయటే నిలబడి, అద్దం మీది మంచు గీకాను.